ఆ ఇంట్లో పగలంతా ఉండేదెవరు?

ఇంగ్లండ్‌లో రెడింగ్ చుట్టుపక్కల ఇల్లు కొందామనుకుంటున్న ఏ తెలుగు కుటుంబాన్ని పలకరించినా మాట ఒకే ప్రశ్నతో మొదలవుతుంది. లండన్ పాడింగ్టన్ స్టేషన్‌కి ఎన్ని నిమిషాలు? ఆ వెంటనే స్కూలు ఎలాంటిది, ఆ తర్వాత రేటెంత. ఈ మూడింటికీ జవాబు ఫోన్లోనే దొరుకుతుంది. ఇళ్ల అమ్మకాల సైట్ రైట్‌మూవ్ తెరిస్తే ఇంటి ఫొటోల కిందే దగ్గర్లో ఉన్న స్టేషన్, బడి, వాటి దూరం మైళ్లలో కనిపిస్తాయి. రాత్రి భోజనాలయ్యాక సోఫాలో కూర్చుని కౌంటీ మొత్తం జల్లెడ పట్టేస్తారు. నాలుగైదు ఇళ్లు ఏరుకుని, శనివారం చూసొచ్చి, సోమవారం ఆఫర్ పెట్టేస్తారు.

ఈ ప్రశ్నలు ఎవరివో ఒక్కసారి ఆలోచించండి. పాడింగ్టన్ నిమిషాలు లెక్కపెట్టేది పొద్దున్నే ఏడింటికి ఇల్లు వదిలి మళ్లీ రాత్రి ఏడింటికి వచ్చే మనిషి. ఆ మనిషి ఆ ఊళ్లో గడిపేది నిద్రవేళలూ వారాంతాలూ. మిగతా పగలంతా ఆ ఊరు ఇంకెవరిదో. చంటిబిడ్డతో ఇంట్లో ఉండే తల్లిది, ఇంటి నుంచే పని చేసుకునే భార్యది, ఆరు నెలల విజిటర్ వీసా మీద తెనాలి నుంచో ఖమ్మం నుంచో వచ్చిన అత్తామామలది, మూడు దాటాక బడి నుంచి నడిచొచ్చే పిల్లలది. ఎక్కువ తిరిగే మనిషి ఇల్లు ఎంచుతాడు, ఎక్కువసేపు ఇంటిపట్టున ఉండే మనిషి అందులో బతుకుతుంది. ఏళ్ల తరబడి ఈ ప్రాంతంలో ఉంటూ, స్నేహితులు ఇళ్లు చూడబోతే తోడు వెళ్తూ నేను తేల్చుకున్నది ఇదే: ఊరి విషయంలో మొదటి మాట ఆ రెండో మనిషిది కావాలి.

ముందు రెడింగ్ ఉన్న బార్క్‌షైర్ కౌంటీ సంగతి చెప్పాలి. మనవాళ్లు 'బార్క్‌షైర్‌లో కొంటున్నాం' అంటారు గానీ, బార్క్‌షైర్ పేరుతో పాలించే కౌన్సిల్ ఇప్పుడు లేదు. 1998లో కౌంటీ కౌన్సిల్‌ని రద్దు చేసి, ఆరు కౌన్సిళ్లకి పూర్తి అధికారం ఇచ్చారు. రెడింగ్, వోకింగ్‌హమ్, బ్రాక్‌నెల్ ఫారెస్ట్, విండ్సర్-మెయిడెన్‌హెడ్, స్లౌ, వెస్ట్ బార్క్‌షైర్. అంతకు ముందు 1974లోనే సరిహద్దులు కదిలాయి. అబింగ్డన్, వాంటేజ్, డిడ్కాట్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌కి వెళ్లిపోయాయి, బకింగ్‌హమ్‌షైర్‌లో ఉన్న స్లౌ, ఈటన్ ఇటు వచ్చాయి. థేమ్స్ నదికి ఉత్తరాన ఉన్న కావర్‌షమ్ 1911 దాకా ఆక్స్‌ఫర్డ్‌షైర్‌దే.

ఈ చరిత్ర ఇల్లు కొనేవాళ్లకెందుకంటే, మన చిరునామాలో 'రెడింగ్' అని ఉన్నంత మాత్రాన మనం రెడింగ్ కౌన్సిల్‌లో ఉన్నట్టు కాదు. ఎర్లీ, వుడ్లీ, షిన్‌ఫీల్డ్‌లకి ఉత్తరాలు రెడింగ్ పేరు మీదే వస్తాయి, కౌన్సిల్ మాత్రం వోకింగ్‌హమ్. అటు పడమట కాల్కట్‌కీ రెడింగ్ చిరునామాయే, అది మాత్రం వెస్ట్ బార్క్‌షైర్ కిందికి వస్తుంది. చెత్త ఏ వారం తీసుకెళ్తారు, లైబ్రరీ ఎన్ని గంటలు తెరిచి ఉంచుతారు, పార్కులో ఊయల విరిగితే ఎవరు బాగుచేస్తారు, పిల్లల బడి అప్లికేషన్ ఎవరికి వెళ్లాలి, అన్నీ ఆ కౌన్సిల్ చేతిలోవి. పగలు ఇంట్లో ఉండే మనిషికి కౌన్సిల్ రోజూ తగులుతూనే ఉంటుంది. రైల్లో లండన్ వెళ్లొచ్చే మనిషికి ఏడాదికోసారి కౌన్సిల్ టాక్స్ బిల్లు రూపంలో కనిపిస్తుంది. ఆ బిల్లుకి ఆధారం కూడా ఇవాళ్టి ధర కాదు, 1991 ఏప్రిల్ 1న ఆ ఇల్లు ఎంత పలికేదన్న అంచనా. కొత్తగా కట్టిన ఇంటికి కూడా ఆనాటి విలువ ఊహించే ఎ నుంచి హెచ్ దాకా ఒక బ్యాండ్ ఇస్తారు.

కౌన్సిల్ ఆర్థిక పరిస్థితి చూడమని నేను చెప్తే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. స్లౌ కౌన్సిల్ 2021 జులైలో తన ఖర్చులకి తగ్గ డబ్బు లేదని సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. దాని ఫలితంగా 2023లో అక్కడ కౌన్సిల్ టాక్స్ 9.99 శాతం పెరిగింది. ఒకే నదీ తీరాన, ఒకే రైలు మార్గం మీద పక్కపక్కనే ఉన్న ఊళ్ల మధ్య ఇంత తేడా ఉంటుంది.

ఇక రైలు. రెడింగ్ నుంచి పాడింగ్టన్‌కి ఫాస్ట్ రైలు పాతిక నిమిషాల్లో చేరుస్తుంది. అదే స్టేషన్లో ఎలిజబెత్ లైన్ ఎక్కితే ట్వైఫర్డ్, మెయిడెన్‌హెడ్, స్లౌ, లాంగ్లీ అన్నీ పలకరించుకుంటూ గంట దాకా పడుతుంది, కానీ 2022 నవంబర్ నుంచి ఆ రైలు పాడింగ్టన్‌లో ఆగిపోకుండా లండన్ నడిబొడ్డులోకి నేరుగా వెళ్తోంది. వోకింగ్‌హమ్, బ్రాక్‌నెల్‌ల దారి వేరు. అక్కడి రైలు లండన్‌లోని వాటర్లూ స్టేషన్‌కి వెళ్తుంది, గంట దాటుతుంది. వారానికి ఐదు రోజులూ ఆఫీసుకి వెళ్లే రోజుల్లో ఈ తేడా ప్రాణసంకటమే. ఇప్పుడు మనవాళ్లలో చాలామంది వెళ్లేది రెండు రోజులో మూడు రోజులో. వారంలో ఆదా అయ్యే ఆ గంటో రెండు గంటలో కోసం, ఇంట్లో ఉండేవాళ్లు నడక, ఎండ, పలకరింపు వదులుకోవాల్సి వస్తే ఆ బేరం నాకు న్యాయంగా అనిపించదు.

మా మామగారు కొవ్వూరులో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మొదటిసారి వచ్చినప్పుడు వారం పది రోజులు కిటికీ దగ్గరే కూర్చున్నారు. ఇంగ్లిష్ చదవగలరు, కానీ స్టాపు పేర్లు నోరు తిరగవు, డ్రైవర్‌ని అడగాలంటే మొహమాటం. ఆయనకి ఊరిని పరిచయం చేసింది బస్సు రంగులు. రెడింగ్ బస్సులు కౌన్సిల్ సొంతం. 1980ల నుంచి ఇంగ్లండ్ అంతటా ఇలాంటివి ప్రైవేటుపరమైనా నిలబడ్డ కొద్దింట్లో ఇదొకటి. ఒక్కో మార్గానికి ఒక్కో రంగు. వోకింగ్‌హమ్ రోడ్డు మీద నడిచే 17వ నంబరు ఊదా రంగు, యూనివర్సిటీ మీదుగా లోయర్ ఎర్లీ వెళ్లే 21 ముదురు ఎరుపు. నంబరు కనపడక ముందే రంగు కనపడుతుంది. "ఊదా బస్సెక్కి ఊళ్లోకి వెళ్లొస్తానమ్మా" అని ఆయనే బయల్దేరడం మొదలుపెట్టారు.

వెళ్లి ఫోర్బరీ గార్డెన్స్‌లో కూర్చునేవారు. అక్కడ పెద్ద ఇనుప సింహం ఉంది. 1880లో అఫ్ఘనిస్తాన్‌లోని మైవాండ్ దగ్గర జరిగిన యుద్ధంలో చనిపోయిన బార్క్‌షైర్ రెజిమెంట్ సైనికుల జ్ఞాపకార్థం నిలబెట్టింది. దిమ్మె చుట్టూ చెక్కిన పేర్లు ఒక్కొక్కటే చదివేవారు. పక్కనే ఒకటవ హెన్రీ రాజు 1121లో కట్టించిన మఠం శిథిలాలు, ఆ రాజు సమాధి కూడా అక్కడే. "రెండో అఫ్ఘన్ యుద్ధం నేను పిల్లలకి చెప్పిన పాఠమే, ఆ సైనికుల ఊళ్లో కూర్చుంటాననుకోలేదు" అని రాత్రి భోజనాల దగ్గర చెప్పి మురిసిపోయేవారు. ఆ ఆరు నెలలూ ఆయనకి ఇది కొడుకు ఊరు కాదు, తన ఊరే.

అదే ఏడు మాకు తెలిసిన ఇంకో ఇంటి పెద్దావిడ సంగతి వేరు. న్యూబరీ అవతల, డౌన్స్ కొండల అంచున ఉన్న పల్లెలో పిల్లలు ఇల్లు కొన్నారు. చూడచక్కని ఊరు. రాతి చర్చి, వాగు, గుర్రాలు మేసే మైదానాలు. అటువైపు లాంబర్న్ లోయ నిండా పందెపు గుర్రాల శాలలే. కానీ ఇంటి ముందు రోడ్డుకి కాలిబాట లేదు. బస్సు రోజుకి కొన్నిసార్లే. కొడుకూ కోడలూ కార్లలో వెళ్లిపోతే ఆవిడకి సాయంత్రం దాకా మనిషి మొహం కనిపించేది కాదు. "ఇంతందం ఏం చేసుకోను అమ్మాయ్, పక్కింటావిడతో ఒక్క మాట లేదు" అని ఫోన్లో నాతో అనేది. టికెట్ ముందుకి జరిపించుకుని వెళ్లిపోయింది. న్యూబరీ మంచి ఊరే. వొడాఫోన్ పుట్టిన ఊరు కావడంతో ఎంతోమంది తెలుగువాళ్లు అక్కడ కాపురాలు పెట్టారు. ఊళ్లో ఉంటే కాలవ గట్టు ఉంది, బజారు ఉంది. ఊరికి నాలుగు మైళ్ల దూరంలోని పల్లె మాత్రం కారు నడపగలిగినవాళ్లకే సరిపోతుంది, కారు నడపలేనివాళ్లకి అదొక అందమైన గది.

ఫ్లోర్ ప్లాన్ చూసి ఎంచే ఇల్లు వేరు, నడిచి ఎంచే ఇల్లు వేరు. లోయర్ ఎర్లీ 1970ల చివర మొదలై కట్టుకుంటూ పోయిన పెద్ద కాలనీ. మ్యాప్‌లో చూస్తే మెలికలు తిరిగి ఎక్కడికక్కడ ఆగిపోయే వీధులు. ఒకసారి ఓ జంటతో అక్కడ ఇల్లు చూడ్డానికి వెళ్లాను. ఆయన చిన్న బెడ్రూం టేపు పెట్టి కొలుస్తున్నారు, ఏజెంట్ బాయిలర్ గురించి చెప్తున్నాడు. ఆ అమ్మాయి మాత్రం "అక్కా, రండి" అని నన్ను తీసుకుని, బాబుని తోపుడుబండిలో కూర్చోబెట్టి బయటికి నడిచింది. వీధి చివర దారి మూసుకుపోయిందనుకున్న చోట, రెండు కంచెల మధ్య ఒక సన్నటి సందు ఉంది. తోపుడుబండి సరిగ్గా పట్టేంత వెడల్పు. అందులోంచి వెళ్తే పచ్చిక మైదానం, దాని పక్కన బడి గేటు, ఇంకాస్త ముందుకి డాక్టర్ క్లినిక్కు, దుకాణాలు. రోడ్డు మీద కారులో అయితే కాలనీ అంతా చుట్టి రావాలి. ఆ అమ్మాయి తిరిగొచ్చి భర్తతో "నాకు ఈ ఇల్లు సరే" అంది. బాయిలర్ పాతదే. వంటగది పక్క ఇళ్లవాటికన్నా ఇరుకే. వాళ్లు అదే కొన్నారు, ఇప్పటికీ అందులోనే ఉన్నారు.

కొత్త ఇళ్ల మీద మనవాళ్లకి మక్కువ ఎక్కువ. షిన్‌ఫీల్డ్ చుట్టూ, ఒకప్పటి సైనిక స్థావరం ఖాళీ అయ్యాక ఆర్బర్‌ఫీల్డ్‌లో వేల ఇళ్లు లేచాయి. గోడలు బిగువుగా, వేడి బయటికి పోకుండా ఉంటాయి, నిజమే. కానీ ఆర్బర్‌ఫీల్డ్‌కి రైల్వే స్టేషన్ లేదు. పైగా ఇలాంటి కొత్త ఎస్టేట్లలో రోడ్లనీ పార్కులనీ కౌన్సిల్ తన కిందికి తీసుకోకపోతే, ఫ్రీహోల్డ్ ఇల్లయినా ఏటా ఎస్టేట్ చార్జీ కట్టాల్సి వస్తుంది. సొలిసిటర్‌ని ఈ ఒక్క సంగతి సూటిగా అడగాలి: ఈ రోడ్డు ఎవరిది, ఎప్పటికి కౌన్సిల్‌కి అప్పగిస్తారు?

రెడింగ్‌కి దక్షిణాన ఇంకో విషయం ఉంది. ఆల్డర్‌మాస్టన్, బర్గ్‌ఫీల్డ్‌లలో బ్రిటన్ అణ్వాయుధాల తయారీ కేంద్రాలున్నాయి. 2020లో బర్గ్‌ఫీల్డ్ చుట్టూ అత్యవసర ప్రణాళిక పరిధిని పెంచారు. గ్రేజ్‌లీలో 15,000 ఇళ్లతో కట్టాలనుకున్న కొత్త పట్టణం ఆలోచన దానితోనే ఆగిపోయింది. ఆ పరిధిలో ఉన్న ఇళ్లకి ఏదైనా జరిగితే ఇంట్లోకి వెళ్లి తలుపులు, కిటికీలు మూసుకోమని చెప్పే కరపత్రం వస్తుంది. దశాబ్దాలుగా జనం నిశ్చింతగా ఉంటున్న ప్రాంతమే అది, భయపడమని నేననను. ఆ కరపత్రం అందుకుని పాటించాల్సింది పగలు ఇంట్లో ఉండేవాళ్లు కాబట్టి, కొనకముందే వాళ్లకి తెలియాలి అంటాను.

నీళ్ల గురించి మాత్రం గట్టిగానే చెప్తాను. బార్క్‌షైర్ ఉత్తరపు అంచున చాలాదూరం థేమ్స్, రెడింగ్ మధ్యలో కెనెట్, ఎర్లీ-వుడ్లీ పక్కన లాడన్. నది ఒడ్డు ఇల్లు వేసవిలో చూస్తే మనసు నిలవదు. గోదావరి గట్టున పెరిగిన నాకు ఆ మోజు తెలుసు, వరద కూడా తెలుసు. 2014 ఫిబ్రవరిలో డాచెట్, రేస్‌బరీ ఊళ్లు మునిగాయి. మెయిడెన్‌హెడ్, విండ్సర్, ఈటన్‌లని కాపాడడానికి 2002లో జూబ్లీ రివర్ అని 11.6 కిలోమీటర్ల కృత్రిమ కాలువ తవ్వారు. అది పైఊళ్లని ఆదుకుంటుంది. ఆ నీళ్లు తమ మీదికే వస్తున్నాయని కిందనున్న రేస్‌బరీవాళ్ల బాధ. వాళ్ల కోసం అనుకున్న కాలువ భాగాన్ని నిధులు కుదరక 2020లో పథకం నుంచి తీసేశారు.

ఇక్కడ ఒక లెక్క తెలియాలి. వరద ముప్పున్న ఇళ్లకి కూడా బీమా అందుబాటు ధరలో దొరకాలని 2016లో ఫ్లడ్ రీ అనే పథకం వచ్చింది. అది 2039 దాకానే. అందులోనూ 2009 జనవరి 1 తర్వాత కట్టిన ఇళ్లకి అది వర్తించదు. పాతికేళ్ల లోను తీసుకునేవాళ్లు ఈ రెండు తేదీలూ కాగితం మీద రాసుకోవాలి. ఏ పోస్ట్‌కోడ్‌కైనా వరద ముప్పు ఎంతో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. నదినుంచి వచ్చే ముప్పు ఒకటి, వానకి వీధుల్లో నిలిచే నీటి ముప్పు ఇంకొకటి, రెండూ చూడాలి. అక్కడితో ఆగకుండా వీధిలో పెద్దవాళ్లనెవరినైనా ఆపి అడగండి. 2014లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వేలు పెట్టి చూపిస్తారు.

విమానాల మోత కూడా ఇలాంటిదే, ఒక్కరోజు వెళ్తే తెలియదు. హీత్రో విమానాశ్రయంలో ఏడాదిలో దాదాపు 70 శాతం రోజులు గాలి వాటం పడమటి నుంచి ఉంటుంది, అప్పుడు విమానాలు లండన్ మీదుగా దిగుతాయి. గాలి తూర్పుకి తిరిగినప్పుడు విండ్సర్, డాచెట్ మీదుగా వరసగా దిగుతాయి. పడమటి గాలి రోజున ఆ వీధుల్లో ఇల్లు చూసినవాళ్లు ఎంత ప్రశాంతం అనుకుంటారు. తూర్పు గాలి రోజున తోటలో కూర్చున్న మనిషి నిమిషానికోసారి మాట ఆపాలి. ఇల్లు ఒక్కటే, గాలిని బట్టి రెండు ఊళ్లు.

బడుల దగ్గరికొస్తే మనవాళ్ల ఆదుర్దా నాకు అర్థమవుతుంది. రెడింగ్‌లో మగపిల్లలకి రెడింగ్ స్కూల్, ఆడపిల్లలకి కెండ్రిక్, స్లౌలో నాలుగు గ్రామర్ స్కూళ్లు, అన్నీ ఫీజు లేని ప్రభుత్వ బడులే. సీటు రావాలంటే పదేళ్ల పిల్లలు పరీక్ష రాయాలి. వాటి కోసం నాలుగేళ్ల బాబు ఉన్నప్పుడే ఇల్లు ఎంచేవాళ్లున్నారు. ఆ పరీక్ష రాయడానికి ఇంకో ఆరేళ్లుంది, ఈలోపు బడుల ప్రవేశ నిబంధనలు మారతాయి. మామూలు బడుల్లోనూ క్యాచ్‌మెంట్‌లో ఉంటే సీటు ఖాయమని ఎవరూ హామీ ఇవ్వరు. ఆ ఏడు ఎంతమంది పిల్లలు ఎంత దగ్గర్నుంచి వచ్చారన్నదాన్ని బట్టి గీత జరుగుతుంది. హైస్కూలు అప్లికేషన్‌కి అక్టోబర్ 31, ప్రైమరీకి జనవరి 15 గడువు, ఆ నాటికి మీ చిరునామా ఏదన్నది ముఖ్యం. నేనైతే రిపోర్టులతో పాటు, మధ్యాహ్నం మూడింటికి ఆ బడి గేటు ముందు ఓ పావుగంట నిలబడమంటాను. పిల్లలు నడిచి వెళ్తున్నారా, కార్లే బారులు తీరుతున్నాయా? అమ్మలు, తాతలు ఆగి మాట్లాడుకుంటున్నారా? మీ ఇంట్లో ఉండే మనిషికి రేపు పరిచయాలు దొరికేది ఆ గేటు దగ్గరే.

వాస్తు చూసుకునేవాళ్లకి ఒక శుభవార్త చెప్పాలి. ఇక్కడ డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దిగంతం మీద 15 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, నాలుగు కొట్టకముందే అస్తమిస్తాడు. అందుకే ఇంగ్లిష్‌వాళ్లు వెనక తోట దక్షిణానికి ఉన్న ఇంటికి ఎక్కువ పెడతారు. వెనక తోట దక్షిణానికి ఉంటే వీధి గుమ్మం ఉత్తరానికి ఉంటుంది. అంటే మన పంతులుగారు మెచ్చే ఉత్తర ముఖం, ఇంగ్లిష్‌వాళ్లు కోరే దక్షిణపు ఎండ ఒకే ఇంట్లో కుదురుతాయి. ఆ ఎండ పడే వెనక గదిలో శీతాకాలమంతా పగలు కూర్చునేది ఎవరో మళ్లీ చెప్పక్కర్లేదు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఫోన్లో దిక్సూచి తెరిచి చూడండి. వీలైతే నవంబర్ తర్వాత ఓ మధ్యాహ్నం వెళ్లండి.

స్లౌ గురించి ఇంగ్లండ్‌లో చులకనగా మాట్లాడడం ఓ అలవాటు. 1937లో జాన్ బెట్జెమన్ అనే కవి ఆ ఊరి మీద బాంబులు పడాలని కవిత రాసినప్పటినుంచీ ఆ చెడ్డపేరు తుడిచిపెట్టుకుపోలేదు. మనవాళ్లూ అదే అందుకుని, డబ్బు తక్కువైతేనే స్లౌ అంటారు. నేను ఒప్పుకోను. ఆ ఊళ్లో దాదాపు సగంమంది మూలాలు ఆసియావి. కరివేపాకు, మునక్కాడ కోసం కారు తీయక్కర్లేదు. గుడి, గురుద్వారా, మసీదు అన్నీ ఉన్నాయి. చీర కట్టుకుని, స్వెటర్ వేసుకుని మనవడిని ఎత్తుకుని రోడ్డు దాటే అమ్మమ్మని ఎవరూ తిరిగి చూడరు. వోకింగ్‌హమ్ దేశంలోనే లేమి అతి తక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఒకటి, వీధులు అద్దంలా ఉంటాయి. అయినా ఇంగ్లిష్ మాట్లాడడానికి జంకే ఓ తల్లికి ఆ రెండింట్లో ఏది ఊరట అంటే నేను స్లౌ పేరే చెప్తాను.

స్లౌలో స్టేషన్ దగ్గర ఎర్ర ఇటుకల హార్లిక్స్ కర్మాగారం, దాని గడియారపు స్తంభం శతాబ్దానికి పైగా నిలబడి ఉన్నాయి. 2018లో ఉత్పత్తి ఆగిపోయింది, ఇప్పుడక్కడ ఫ్లాట్లు. ధవళేశ్వరంలో హార్లిక్స్ కర్మాగారం ఉండడంతో రాజమండ్రివాళ్లం ఆ పేరుతోనే పెరిగాం. ఆ గడియారం కింద ఫ్లాట్ కొన్న మా ఊరి అబ్బాయి ఒకడు వాళ్లమ్మని ముందు తీసుకొచ్చి చూపించాడు. ఆవిడ గోడ మీది పేరు చదివి "ఇక్కడే తీసుకోరా" అంది. లీజు ఎన్నేళ్లు, సర్వీస్ చార్జీ ఎంత పెరుగుతోంది అని అతను ఆ తర్వాత అడిగి తెలుసుకున్నాడు. ఆ క్రమం నాకు నచ్చింది.

డబ్బు మాట కూడా ఊరిని మార్చేస్తుంది కాబట్టి ఒక్క సంగతి. మొదటి ఇల్లు కొనేవాళ్లకి స్టాంప్ డ్యూటీలో తగ్గింపు ఉంది. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం 5,00,000 పౌండ్ల ఇంటికి వాళ్లు 10,000 కడితే చాలు. కానీ ప్రపంచంలో ఎక్కడైనా మీ పేరు మీద ఇల్లు ఉంటే మీరు మొదటిసారి కొనేవాళ్లు కారు. నాన్నగారు మిగిల్చిన వాటా అయినా సరే, హైదరాబాద్‌లో ఫ్లాట్ అయినా సరే. పైగా 40,000 పౌండ్లు, అంతకు మించి విలువ చేసే ఇల్లు మీకో మీ భాగస్వామికో ఉంటే ఇక్కడ కొనేది అదనపు ఇంటి కింద లెక్కకొస్తుంది, అదే ఇంటికి 40,000 పౌండ్లు కట్టాలి. ఆ 30,000 తేడా దగ్గర ఊరు మారిపోతుంది, స్టేషన్ దూరమవుతుంది, తోట చిన్నదవుతుంది. ఇళ్లు చూడ్డం మొదలుపెట్టక ముందే ఈ లెక్క తేల్చుకుంటే, మనసు పడ్డ ఊరు చేజారదు.

ఆసుపత్రి సంగతి ఎవరూ అడగరు. బ్రాక్‌నెల్ 1949లో కొత్త పట్టణంగా పుట్టింది, ఊరు నడిబొడ్డు కూడా 2017లో కొత్తగా కట్టుకున్నారు. అంత ఊళ్లో అర్ధరాత్రి ఛాతీ నొప్పి వస్తే చూసే ఎమర్జెన్సీ విభాగం లేదు. స్లౌ దగ్గరి వెక్సమ్ పార్కుకో, ఫ్రిమ్లీకో, రెడింగ్‌లోని రాయల్ బార్క్‌షైర్‌కో వెళ్లాలి. ఆ రాయల్ బార్క్‌షైర్ 1839 నాటిది. దాని స్థానంలో రావాల్సిన కొత్త ఆసుపత్రి నిర్మాణం 2037కి ముందు మొదలవదని ప్రభుత్వం 2025లో చెప్పింది. ఇంట్లో పెద్దవాళ్లుంటే, గర్భిణి ఉంటే, ఆ దారిలో ఒకసారి కారు నడిపి చూడండి.

మన దగ్గర బయానా ఇచ్చాక వెనక్కి తగ్గితే మాట పోతుంది. ఇంగ్లండ్‌లో అలా కాదు. ఆఫర్ ఒప్పుకున్నా, కాంట్రాక్టులు మార్చుకునేదాకా ఇరువైపులా ఎవరికీ కట్టుబాటు లేదు. సర్వే, సెర్చ్‌లు, లోను కాగితాలు అంటూ ఆ దశకి చేరడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్ని మనవాళ్లు సోఫాలు, కర్టెన్లు ఎంచుకోవడానికి వాడతారు. దయచేసి అలా చేయకండి. ఓ మంగళవారం పొద్దున పదకొండింటికి, ఆ ఇంట్లో పగలంతా ఉండబోయే మనిషిని ఆ వీధి మొదట్లో దింపి మీరు వెళ్లిపోండి. ఆవిడ ఒంటరిగా దుకాణం దాకా నడవాలి, బస్సు ఎక్కాలి, పార్కులో కాసేపు కూర్చోవాలి, వీలైతే ఎవరినైనా ఒక మాట అడగాలి. వాన పడుతుంటే మరీ మంచిది. తిరిగొచ్చాక ఆవిడ వద్దంటే, పాడింగ్టన్ ఎంత దగ్గరైనా సరే, ఆ ఇల్లు వదిలేయండి.